రంగం జాడీ

మా పెద్దమ్మ రంగూన్‌లో పుట్టింది. అల్లవరం వైపు పాతవాళ్ళు ఆ ఊరిని రంగం అనేవారు. అరవైల్లో బర్మా ప్రభుత్వం మనవాళ్ళను పంపించేసినప్పుడు ఆమె ఓడెక్కి వచ్చేసింది. కట్టుబట్టలతో పాటు ఒక జాడీ తెచ్చుకుంది. అందులో ఉన్నది నప్పి. రొయ్యపొట్టును ఉప్పేసి దంచి మగ్గబెడతారు. అది లేనిదే బర్మావాళ్ళకు ముద్ద దిగదు. పెరుగుకు తోడు వేసినట్టు, రంగం నుంచి వచ్చిన పాతదాన్ని అడుగున ఉంచి కొత్తది కలుపుతూ పెద్దమ్మ ఆ జాడీని ఎన్నడూ ఖాళీ కానివ్వలేదు.

తొంభైల చివర అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు పొరుగు దేశాల మీద సభ పెట్టి ఆమెను పిలిచారు. బర్మా గురించి ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. బస్సులో జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాసన చూస్తే పిల్లలకి సగం దేశం తెలిసిపోద్దిరా" అంది.

వేదిక మీద లెక్చరరు, "మనవాళ్ళని ఎలా తరిమేసేరో చెప్పండమ్మా" అన్నాడు.

"తరిమేసేరండీ. మరి ఇంగ్లీషోళ్ళ ఎనకాల ఎళ్ళి, ఆళ్ళ రేవుల్లో, ఆఫీసుల్లో పనులన్నీ మనోళ్ళే పట్టేసేరు కదండీ. బర్మావోళ్ళు ఆళ్ళ ఊళ్ళో ఆళ్ళే పరాయోళ్ళైపోయేరు. మనవైతే ఊరుకుంటావాండీ?" అంటూ పెద్దమ్మ జాడీ మూత తీసింది.

ముందు వరస మొత్తం ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుంది. రొయ్యల చెరువుల కుళ్ళునీళ్ళు ఊరి కాలవలోకి వదిలి మేడలు కట్టిన పెద్దమనుషులే వాళ్ళంతా. లెక్చరరు మూత బిగించి, జాడీని బయటికి పంపించి, పెద్దమ్మకు శాలువా కప్పాడు.

"అనాగరికుల చేతుల్లో నానా బాధలూ పడిన తల్లి" అని మైకులో చెప్పాడు. ఆమె అనని మాటకు హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంత రోత సభ నేను మళ్ళీ చూడలేదు.

వచ్చేటప్పుడు అటెండరు జాడీ తెచ్చిచ్చాడు. "కంపు కొడతందని పారబోసేరండి. ఫినాయిలేసి కడిగించేరు" అన్నాడు.

పెద్దమ్మ జాడీలో ముక్కు పెట్టి చూసుకుంది. శాలువా మడతపెట్టి అక్కడే కుర్చీ మీద వదిలేసింది. బస్సు ఊరు దాటింది.

"ఓడ దగ్గర సోదా చేసే బర్మావోళ్ళు నా మెళ్ళో గొలుసు లాక్కున్నారురా" అంది. "ఈ జాడీ మూత తీసి చూసి, ఇది నువ్వు ఉంచుకోమని ఇచ్చేసేరు."