పద్నాలుగో పేరు

ఇంజనీరింగ్ మూడో ఏడు డేటాబేస్ ప్రాజెక్టుకి మా క్లాసంతా లైబ్రరీ పుస్తకాల మీద పడ్డారు. నేను మా అమ్మ ముఠా మీద పడ్డాను. అమ్మ మా ఊళ్ళో మిరపకోతల మేస్త్రి. పద్నాలుగుమంది ఆడవాళ్ళు, ఐదు చేలు. ఎవరు ఏ రోజు ఎక్కడ కోశారో అంతా ఆమె తలలోనే ఉంటుంది, కాగితమ్ముక్క లేదు.

తొలికోత అయిపోయాక ఒక ఆదివారం గుంటూరు నుంచి వచ్చి, ఎండిన మిరపలోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్న అమ్మ పక్కన లాప్‌టాప్‌తో చేరాను. ఆమె చెబుతుంటే మూడు పట్టికలు నింపాను: మనుషులు, చేలు, ఎవరెప్పుడు ఎక్కడ కోశారన్నది. మూడింటినీ కలపబోయి, ఏది దేనితో కలవాలో రాయడం మర్చిపోయాను. వేల వరుసలు దిగాయి. అందరూ అన్ని చేలూ రోజూ కోసేశారు!

"ఓయమ్మో, ఇట్టా కోస్తే చేలో మొక్క మిగులుద్దా ఏంటే?" అని అమ్మ ఒకటే నవ్వు.

సరిచేసి మళ్ళీ నడిపాను. రెప్పపాటులో జాబితా వచ్చేసింది. నేను ఏ ఒక్కచోటా పూర్తిగా రాయని సంగతిని మూడుచోట్ల నుంచి ఏరి తెచ్చి ముందు పెట్టింది. నిజం చెప్పొద్దూ, ఒళ్ళు జలదరించింది. చదివి వినిపిస్తుంటే అమ్మ ప్రతి వరుసకీ "ఔను, ఔను" అంది. నెల రోజుల కోత, ఒక్క తప్పు లేదు. ఆమె బడి గడప తొక్కలేదు.

ఇంకేముంది, నాకు గర్వం తలకెక్కింది. ముఠా పేర్లు ఆ జాబితాలోంచే తీసి, ప్రింటు కొట్టించి, రెండో కోత మొదటిరోజు పొద్దున్నే వాళ్ళని చేలకి తీసుకెళ్ళే ఆటో దగ్గర నిలబడ్డాను. పేరున్నవాళ్ళే ఎక్కాలన్నాను. ఒక్కొక్కరినే పిలిచాను. అందరూ ఎక్కాక, క్యారేజీ పట్టుకుని ఒక పిన్ని కిందే మిగిలిపోయింది. తొలికోతకి ముందు చెయ్యి విరిగి, ఆ వారమే కట్టు విప్పించుకున్న మనిషి.

"నా పేరు రాలేదమ్మాయ్. తీసేశారుగా," అని వెనక్కి తిరిగింది.

"దాన్నెక్కడ పారేశావే?" అమ్మ అరిచింది, నా మీద.

నేను తీసెయ్యలేదు. కోసినవాళ్ళని చూపించమని అడిగాను, అంతే. ఒక్కరోజూ కొయ్యని మనిషి ఆ అడగడంలోనే జారిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే లాప్‌టాప్ తెరిచి అడిగే తీరు మార్చాను: మనుషులందరినీ ఉంచు, కోత లేకపోతే పక్కన ఖాళీ వదిలెయ్. పద్నాలుగు పేర్లొచ్చాయి.

"ఇదిగో పిన్నీ, నీ పేరు."

"పక్కన ఏం లేదేంటి?"

"ఇంట్లో కూర్చున్నదానికి ఏముంటది? ఎక్కు," అంది అమ్మ.

ఆటోలో పదముగ్గురూ ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు ఇరుక్కుని ఉన్నారు. అమ్మ పక్కన మాత్రం ఒక మనిషికి చోటుంది. తొలికోతంతా అది అట్టాగే ఖాళీగా పోయి ఖాళీగా వచ్చిందని, అమ్మ ఎవరినీ కూర్చోనివ్వలేదని అప్పుడు చెప్పారు వాళ్ళు. పిన్ని వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది.