తాళం ముందు వంటా వార్పు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మరిపెడలో అంగన్‌వాడీకి తాళం వేసి టీచర్లమంతా రోడ్డు పక్క టెంటులో కూర్చునేవాళ్లం. మాతో పాటు మా సూపర్‌వైజర్ మేడం కూడా. ఆమె జనగామ మనిషి. బదిలీ మీద వచ్చి మా ఊళ్లోనే గది తీసుకుని ఉండేది.

మామూలు రోజుల్లో ఆమె మీటింగు పెట్టిందంటే గుడ్ల లెక్కలు ముగించి గృహహింస చట్టం ఎత్తుకునేది. "మొగుడు కొడితే సర్కారు అడుగుతది. ఇల్లు ఆయన పేరు మీదున్నా సరే, పెండ్లాన్ని బయటికి నెట్టే హక్కు లేదు" అని ప్రతిసారీ అదే పాట. చాటుగా ఆమెలా గొంతు పెట్టి మాట్లాడి నవ్వుకునేవాళ్లం. అయినా ఆమె అంటే మాకు ప్రాణం. మాలో ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా దవాఖానకు ముందు బయలుదేరేది ఆమే.

ఆ రోజు మా ఆయా, అంటే మా కేంద్రంలో పిల్లలకు వండిపెట్టే మనిషి, పెదవి వాచిపోయి టెంటులోకి వచ్చింది. ఏమైందంటే జారిపడ్డానంది. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి జారిపడుతూనే ఉంది మరి! మేడం పక్కన కూర్చుని వీపు నిమిరేసరికి భోరున ఏడ్చింది. మొగుడు కొట్టి, బయటికి గెంటి, ఇంటికి తాళం వేసుకుని పోయాడట.

"తల్లిగారింటికి పో అంటున్నరు అందరు. నేనెందుకు పోవాలె? గా గోడలకు మట్టి మోసింది నేను. నా ఇంట్ల నేనుండాలె మేడం."

ఆ మొగుడు మేస్త్రి. రోజూ మా టెంటు ముందుకొచ్చి "జై తెలంగాణ" అని నినాదాలు అందుకునేది అతనే. మంచి గొంతు. ఆ గొంతును మెచ్చుకున్నందుకు నా మీద నాకే చిరాకేసింది.

మేడం చాప మీదే కూర్చుని ఫిర్యాదు రాసింది. దాన్ని వరంగల్‌లో ఈ చట్టం కేసులు చూసే ఆఫీసుకు పంపాలి. అక్కడివాళ్లూ సమ్మెలోనే ఉన్నారు. "ఇగ నీ చట్టం ఏం పనికొస్తది మేడం?" అన్నాను.

"సమ్మె చేసేది మనం. చట్టం కాదు" అని కసిరింది. నిరసనగా రోడ్డు మీదే వండి అందరికీ పెట్టే వంటా వార్పు ఆ రోజు మా ఆడవాళ్ల వంతు. వండే గంజులు, బియ్యం, పప్పు సిద్ధంగా ఉన్నాయి. వాటి వంక చూసి, కొంగు దోపుకుని లేచింది. "ఎత్తుండ్రి" అంది.

మేస్త్రి వాకిట్లో, తాళం వేసిన తలుపు ఎదురుగా, రాళ్లు పేర్చి పొయ్యి పెట్టాం. వాడంతా పోగైంది. మెడలో కండువాతో అతను పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది మేడం గిది? వంటా వార్పు రోడ్డు మీద గదా?"

"ఇయ్యాల గిక్కడ. మన రాష్ట్రం మనకు కావాలె అని రోజూ మొత్తుకుంటవు గద తమ్మీ, ఆమె ఇల్లు ఆమెకు వద్దా?"

"గది మా ఇంటి ముచ్చట."

"కాదు, సర్కారు ముచ్చట. కాగితం రాసిన. సమ్మె అయిపోంగనే కోర్టుకు పోతది. గప్పటిదాంక మా వంట గిక్కడనే."

అతను చుట్టూ చూశాడు. రోజూ అతనితో గొంతు కలిపేవాళ్లెవరూ అతని పక్కకు రాలేదు. జేబులోంచి తాళంచెవి తీసి తలుపు వైపు నడవబోతే మేడం అడ్డం నిలబడింది. "ఆమె చేతికియ్యి" అంది. ఇచ్చాడు.

మేడం అంతటితో వదల్లేదు. సమ్మె ముగిశాక వరంగల్ చుట్టూ తిరిగి, ఇక ఆమె మీద చేయి ఎత్తకూడదని, ఇంట్లోంచి కదిలించకూడదని కోర్టు ఉత్తర్వు తెప్పించింది. అది తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని ఆయా పొయ్యి దగ్గరే కూర్చుండిపోయింది. భయపడుతోందేమో అనుకున్నాను. కసురుకుందామని నోరు తెరిచాను కూడా.

ఆమె పప్పు గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకింది. మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువైంది. ఉండుండ్రి, మా ఇంట్లకెల్లి తెస్త" అంటూ లేచి వెళ్లి తాళం తీసింది.