వంతెన మధ్య రెండు టవర్లు

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక ఐరోపా దంపతుల ఇంట వంట చేసేదాన్ని. బడి మొహం ఎరగని నాకు మా నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. యుద్ధంనాటి గ్యాస్ మాస్కు డబ్బా ఒకటి ఖాళీగా పడి ఉంటే, అందులో వెంకన్న పటం పెట్టుకుని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఒకసారి మేడమ్‌గారి తల్లి బహ్రెయిన్ దాకా వచ్చారు. సౌదీ వీసా రాలేదు. శుక్రవారం సాయంత్రమే తిరుగు విమానం. రెండు దేశాల మధ్య సముద్రం మీద ఉన్న వంతెన దాటితే చాలు, కూతురు తల్లిని చూడొచ్చు. కానీ మేడమ్ పాస్‌పోర్టు సార్ పనిచేసే కంపెనీ ఆఫీసులో ఉంది. దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర శనివారం గాని పడదు.

సార్ వెళ్ళి ముదీర్‌తో, అంటే ఆఫీసు పెద్దతో, వాదించారట. కారు నడిపే నిజామాబాద్ తమ్ముడు వచ్చి చెప్పాడు.

"మా దిక్కు ఒక దేశంకెల్లి ఇంకో దేశం పోతే ఇప్పుడు ఎవ్వలు అడుగరని సారన్నడక్కా. మీరందరు ఒక్కటే దేశమా అన్నడు ముదీర్. కాదన్నడు. రాజు ఒక్కడేనా? కాదన్నడు. మరి ఎవ్వలింటికి ఎవ్వలొచ్చిన్రో ఎట్ల తెలుస్తది? తెల్వదన్నడు. ముదీర్ పాపమనుకొని సారుకు చాయ్ పోసిండు."

"పోస్తే పోశాడులే. ముద్ర వేశాడా?"

"ఏడ? టవరెక్కి చూస్కొమ్మన్నడు."

వంతెన మధ్య దీవిలో సరిహద్దుకు ఇటొకటి, అటొకటి టవర్లున్నాయి. ఇటువైపుది ఎక్కడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ఫోన్లో అనుకుని, శుక్రవారం ఆవిడ అటు, మేము ఇటు ఎక్కాం. పెద్దావిడను ఉత్త చేతులతో ఎలా పంపుతామని సున్నుండలు చేసి, మా అమ్మ పేరు చెక్కిన స్టీలు డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాను. అది అవతలికి ఎలా చేరుతుందో మాత్రం ఆలోచించలేదు.

అసలు చిక్కు పైకెక్కాక తెలిసింది. ఆవిడ తెల్ల టోపీ మాకు కనబడుతోంది. ఇటు మేడమ్‌తో, నాతో సహా ఆడవాళ్ళందరివీ ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలే. ఆవిడ అందరికీ చెయ్యి ఊపారు. అందరూ మర్యాదగా తిరిగి ఊపారు. మేడమ్ అరిచి, ఎగిరి, చివరికి ఏడ్చేశారు.

పక్కనే ఒక సౌదీ జంట ఉంది. ఏమైందని భర్త అడిగితే తమ్ముడు వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. వాళ్ళు బహ్రెయిన్ వెళ్ళేవాళ్ళే. పొరుగు దేశాలవాళ్ళు కనుక వీసా పని లేదు. భార్య ముసుగులోంచే అంతా విని, మేడమ్‌ను చెయ్యి పట్టి తీసుకెళ్ళి ఒక మూలన నిలబెట్టింది, కదలొద్దని సైగ చేసింది. తరువాత నా డబ్బా కోసం చెయ్యి చాపింది.

గంటకు అవతలి టవర్ మీద ఆ నల్ల అబాయా కనబడింది. డబ్బా చేతికిచ్చి, పెద్దావిడను భుజాలు పట్టి తిప్పి, మా మూల వైపు వేలు చూపించింది.

ఈసారి పెద్దావిడ ఒక్కరికే చెయ్యి ఊపారు.

"తింటున్నదా అక్కా?"

"నోట్లో పెట్టుకుంది తమ్ముడూ!"

శనివారం ముద్ర పడింది. అప్పటికి ఆవిడా, నా డబ్బా వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అడగని ఆ దేశాల్లో అది మా అమ్మ పేరుతో తిరుగుతూ ఉంటుంది.

ముసుగులో ఉన్న ఆ సౌదీ తల్లి మొహం నేను చూడలేదు, పేరూ అడగలేదు. ఇప్పటికీ దణ్ణం పెట్టుకునేటప్పుడు "డబ్బా తీసుకెళ్ళినావిడ" అని చెబుతాను. వెంకన్నకు తెలుస్తుంది.