దిద్దని నకలు

నా చిన్నప్పుడు, డెబ్బయ్యో దశకం చివర్లో, ఆదోనిలో మా పక్కింట్లో టైపు తాత ఉండేవాడు. పోస్టాఫీసు పక్కన రేకుల పంచలో కూర్చుని అర్జీలూ ఉత్తరాలూ టైపు చేసేవాడు. ఆయన మిషను నాలుగు ఎనుముల బరువు. అది మోగితే ఎమ్మిగనూరు మగ్గాలు ఆగి వినేవని మా బళ్ళో అందరినీ నమ్మించాను. సెలవుల్లో నాదీ అక్కడే ఉద్యోగం. కార్బన్ కింద వచ్చే నకలును ఫైలుకు గుచ్చాలి. ఆ వేసవిలో నా ముఖానికి అంటిన మసితో ఒక రైలింజనును గుంతకల్లు దాకా నడపవచ్చు.

తాతకు ఒకటే నియమం. టైపు అయ్యాక పై కాగితంలో పెన్నుతో ఏది మార్చినా నకల్లోనూ మార్చాలి. "పోయిన కాగితంలో ఏముంటే ఈడ గూడ అదే ఉండల్ల బేటీ," అనేవాడు.

ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే ఆమె వచ్చింది. భర్త ఇంట్లో గొడవపడి షోలాపూరు పోయాడట. ఎన్ని ఉత్తరాలు రాయించినా జవాబు లేదట.

"మిషను ఉత్తరమైతే కోర్టు కాగితమనుకోని బయపడి వస్తాడప్పా."

"నా మిషనుకు మా ఇంట్లో పిల్లి గూడ బయపడదమ్మా," అన్నాడు తాత.

ఉత్తరం మడిచే వేళకు ఆమెకు గుర్తొచ్చింది. అతను ఇప్పుడుండేది మూడో గల్లీ కాదు, ఎనిమిదో గల్లీ అని ఎవరో చెప్పారట. తాత పై కాగితం చిరునామాలో మూడు కొట్టేసి ఎనిమిది అని రాసి, కవరు మీదా అదే రాసి, నకలు దిద్దమని నాకిచ్చాడు. అప్పుడు నేను కార్బనుతో మహారాజు మీసాలు దిద్దుకునే రాచకార్యంలో ఉన్నాను. "సరే" అని అలాగే గుచ్చేశాను.

ఈసారి భర్త దగ్గర నుంచి కార్డు వచ్చింది. కోపం పోయింది, రమ్మంటే వస్తాను అని రెండే ముక్కలు. చిరునామా లేదు. ఆమె తొలి బస్సుకే వచ్చేసింది. తాత జవాబు టైపు చేసి, ఆమెను అడగకుండానే ఫైలు తీసి, పాత నకలు చూసి, కవరు మీద చిరునామా రాశాడు. వెంటనే రమ్మన్న ఆ ఉత్తరం మూడో గల్లీకి పోయింది.

నెలన్నరకు అది మనిషి లేడన్న ముద్రతో తిరిగొచ్చింది. ఈలోగా ఆమె అన్న షోలాపూరు వెళ్ళి చూశాడు. జవాబు రాలేదు, ఇక నేను అక్కర్లేదని పక్కగది వాళ్ళతో చెప్పి ఆమె భర్త అప్పటికే గది ఖాళీ చేశాడట. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

తాత నమాజుకు పోయినప్పుడు నేను ఫైలు విప్పి, మూడు కొట్టేసి ఎనిమిది అని ముత్యంలా రాశాను. ఆయన వచ్చి, ఆరని సిరా చూసి, పెన్ను మళ్ళీ నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ పొద్దు దిద్దినావు గదా, పక్కన ఈ పొద్దు తేదీ ఎయ్. లేకుంటే తప్పు పాపం పోస్టుమ్యాను మీదికి పోతాది."

వేశాను. మర్నాడు తాత ఆ ఫైలు చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. మగ్గం గుంట పక్కన నిలబడి, "తప్పు నా ఫైలుదే తల్లీ," అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనే ఏడుస్తూ చెప్పాను.

"మొదటి ఉత్తరమన్నా ఆయప్పకు అందింది గదా తాతా?" అని మాత్రం ఆమె అడిగింది.

"అందింది తల్లీ. అందుకే గదా కార్డు రాసినాడు."

ఆమె తలూపి, మగ్గం గుంటలోకి దిగింది. అతను మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కంప్యూటరులో ఈమెయిలు పంపుతాను. చివరి క్షణంలో ఒక మాట మార్చినా, దాచిన ప్రతి తెరిచి, వెళ్ళినదాని పక్కన పెట్టి చదువుతాను. పాత తప్పు దొరికితే చెరపను. కింద దిద్దిన తేదీ వేస్తాను. ఎవరు చూస్తారని ఆఫీసులో పిల్లలు నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను, ఇంకోసారి చూసి మూస్తాను.