ప్రార్థన గ్రూపులో పెట్టిన చిరునామా

ధవళేశ్వరంలో సంపూర్ణమ్మ టీచరు ప్రార్థన చేస్తే వివరాలతో చేస్తుంది. ఊరికే "రోగుల్ని బాగుచెయ్యి ప్రభువా" అనడం ఆవిడకు నచ్చదు. ఏ ఆసుపత్రి, ఏ వార్డు, మంచం నంబరెంత, అన్నీ చెప్పాల్సిందే. ముప్పై ఏళ్లు బడిలో హాజరు పిలిచిన మనిషి మరి! లూథరన్ చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శి అయ్యాక ఆ వివరాలన్నీ ఆదివారం నలభైమంది ఆడవాళ్ల ముందు చదివేది. అవి చర్చి గోడలు దాటేవి కావని చెప్పను గాని, దాటినా వీధి చివరిదాకా వెళ్లి ఆగేవి.

తర్వాత వాట్సాప్ గ్రూపు వచ్చింది. సువార్త కూటాల పోస్టరు మీద గ్రూపులో చేరే లింకు వేయించింది కూడా ఆవిడే. సభ్యులు రెండువందలు దాటారని పాస్టరుగారి దగ్గర ఎంత మురిసిపోయిందో! అందులో సగంమంది ఎవరో ఆవిడకు తెలియదు. అందరూ విశ్వాసులే అనుకుంది.

ఆ మంగళవారం పొద్దున టిఫినయ్యాక ఫోను తీసి ప్రార్థన అంశం టైపు చేసింది. "మా అక్క కూతురు ఆశాజ్యోతి రాజమండ్రిలో భర్త సాల్మన్ కొట్టే దెబ్బలు తట్టుకోలేక వచ్చేసి, కొవ్వూరు బస్టాండు వెనక లేడీస్ హాస్టల్లో, మేడ మీద మొదటి గదిలో తలదాచుకుంది. అతని కంట పడకుండా కాపాడమని ప్రార్థించండి."

వరసగా ఆమేన్‌లు వచ్చాయి. పది గంటలకు మరొకటి వచ్చింది, పేరు లేని నంబరు నుంచి. పక్కన చిన్న ఫొటో. సంపూర్ణమ్మ కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని పెద్దది చేసి చూసింది. పెళ్లికోటులో సాల్మన్.

ఆవిడ వెంటనే తన మెసేజి గ్రూపులోంచి తీసేసింది. ఆశాజ్యోతికి ఫోను చేస్తే రింగవుతోంది గాని ఎత్తడం లేదు. 112కి ఫోను చేసి పోలీసులకు చెప్పి, చెప్పులైనా వేసుకోకుండా ఆటో ఎక్కింది.

వంతెన మీద లారీల వెనక ఆటో నత్తలా నడుస్తోంది.

"కాస్త తొందరగా పోనివ్వండి బాబూ, మా పిల్ల ప్రాణం మీదికొచ్చింది!"

అంతలో సమాజం సభ్యురాలు జ్ఞానమ్మ ఫోను చేసింది. "టీచరుగారూ, మీ అంశం మా నాలుగు గ్రూపుల్లోనూ పెట్టానండి. మీరు తీసేశారేంటండి?"

సంపూర్ణమ్మకు తను తీసేసింది ఒక్కచోటేనని, మిగతాచోట్ల తన చెయ్యి అందదని అప్పుడర్థమైంది. కళ్ల ముందు ఆశాజ్యోతి వాచిన మొహమే కదులుతోంది.

హాస్టలు గేటు దగ్గర వార్డెను సూర్యకళ నిలబడి ఉంది. "ఇందాకే ఒకాయన వచ్చాడండి. మేడ మీద మొదటి గదని కూడా ఆయనే చెబుతున్నాడు. అలాంటి అమ్మాయి ఎవరూ లేరని గేటు తియ్యలేదు. పోలీసుల్ని చూసి బండెక్కి పోయాడు. మళ్లీ రాడని ఏంటండి నమ్మకం?"

సంపూర్ణమ్మ మెట్లెక్కి తలుపు తట్టింది.

"ఎవరు?"

"నేనేనమ్మా, పిన్నిని."

"ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నేనమ్మా. తలుపు తియ్యి."

తలుపుకు బాగా దగ్గరగా ఆ పిల్ల గొంతు వినబడింది.

"ఈ చోటు అమ్మకి కూడా చెప్పలేదు పిన్నీ. నీ ఒక్కదానికే చెప్పాను."

దేవుడికే చెప్పానమ్మా అనబోయి సంపూర్ణమ్మ ఆగిపోయింది.

"ఊరందరికీ చెప్పేశానమ్మా" అంది.

తలుపు తెరుచుకోలేదు.