పొయ్యికాడ కాలిందన్నాను

నా ఎడమ ముంజేతి మీద ఇప్పుడు ఏ మచ్చా లేదు. ఎండలో పెట్టి వెతికినా కనపడదు. అయినా ఇన్నేళ్లుగా నేను పొడుగు చేతుల చొక్కా తప్ప తొడుక్కోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే ఎవడో భుజాలు తడుముకున్నాడట. నేను ముంజేయి తడుముకునే రకం. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పబోను. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేనిది మీకు చెబుతున్నానంటే అది మీ మీద నమ్మకం అనుకోకండి. ఇక మోయలేకపోతున్నాను, అంతే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో నూలుకు వేసే రంగులు అమ్మే ఒక అంగడిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. మాది ఆళ్లగడ్డ. భార్యా, ఏడాది నిండని కూతురూ అక్కడే ఉండేవాళ్లు. వారానికొకసారి బస్సెక్కి పోయి చూసి వచ్చేవాణ్ణి. పోయినప్పుడల్లా పిల్ల నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసి తల్లి కొంగులో ముఖం దాచుకునేది. అందరం నవ్వేవాళ్లం. తిరుగు బస్సులో మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు.

ఒకరోజు అంగడికి కొత్త మందు వచ్చింది. తెల్లగా, పటిక పలుకుల్లా ఉంది. దాన్ని నీళ్లలో కరిగించి నూలు ముంచితే, కాగబెట్టే పని లేకుండానే రంగు గట్టిగా పడుతుందట. డబ్బాలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టి ఉంది. అంగడిలో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మందు ఒంటికి పడుతుందో లేదో ముందు చూసుకోమని అందులో రాశారు. ముంజేతి లోపలివైపు సబ్బుతో శుభ్రంగా కడిగి, ఆరాక, మందునీళ్లలో తడిపిన గుడ్డముక్క పెట్టి కట్టాలి. ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాలి. చర్మం ఎర్రబడినా, దురద పుట్టినా, పొక్కులు లేచినా వట్టి చేతులతో ఆ మందు ముట్టకూడదు.

ముందు నా చేతికే కట్టుకున్నాను. అంతవరకూ నేను మంచివాణ్ణే. పొద్దున కట్టుకుంటే మధ్యాహ్నం అన్నం వేళకే మంట ఎత్తుకుంది. విప్పి చూస్తే రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. అంగడి యజమానికి చూపించాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. నాది కలం పట్టే చేయి అనీ, రంగులవాళ్ల చేతులు వేరనీ, ఆళ్లగడ్డ పోయి వాళ్ల చేతికి కట్టి చూసి రమ్మనీ అన్నాడు. అక్కడ బాగుందని తేలితే ఆళ్లగడ్డలోనే ఒక చిన్న అంగడి తెరిచి నన్ను కూర్చోబెడతానన్నాడు. ఆ చివరి మాట తర్వాత ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. బయటికి వచ్చి చూసుకుంటే మచ్చ కూడా అంత ఎర్రగా లేదనిపించింది.

మా వీధి చివర మస్తాన్‌బీ అని ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాక ఆయన రంగు తొట్లు తనే నడుపుకుంటూ వచ్చింది. ఇంకో పని కూడా చేసేది. పసిపిల్లలకు నీళ్లు పోసేది. ఏ కులం ఇల్లని లేదు, మా వీధిలో ఎవరింట కాన్పు అయినా ఆమె రావలసిందే. కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, మాడుకు ఆముదం పెట్టి, ఒళ్లంతా మర్దన చేసి పోసేది. మా కూతురికి మూడు నెలలూ ఆమే పోసింది. గుక్కపట్టి ఏడ్చే పిల్ల ఆ చేయి పడగానే ఊరుకునేది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

నేను పోయేసరికి ఆమె తొట్టి దగ్గర పనికి సిద్ధమై ఉంది. రంగులవాళ్లకు తాతల నాటి అలవాటు ఒకటి ఉంది. తొట్టిలో చేయి పెట్టే ముందు వేళ్ల నుంచి మోచేతుల దాకా ఆముదం పట్టిస్తారు. ఆమె చేతులు నిగనిగలాడుతున్నాయి. మందు సంగతి చెప్పగానే, నువ్వు అడిగితే కాదంటానా అని నవ్వి చేయి చాపింది. సబ్బుతో కడగమని కాగితంలో ఉంది. నాకు తెలుసు. కడుక్కొని రా పెద్దమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే. ఆ అంగడీ, ఆ అంగట్లో నేనూ, సాయంత్రం ఇంటికి పోతే ఎదురొచ్చే పిల్లా కళ్ల ముందు ఆడుతుంటే, నేనే దాన్ని రానివ్వలేదు. నూనె మీదనే గుడ్డ పెట్టి కట్టాను.

ముడి వేస్తుంటే నా చొక్కా చేయి పైకి జరిగింది. ఆమె చూసింది.

“ఏందప్పా అది? చేతికి ఏమయ్యింది?”

“ఏం లేదు పెద్దమ్మా. పొయ్యికాడ కాలింది.”

“ఆడ నువ్వే వండుకుంటాండావా? చెప్పవేమి. ఈడ కూచో.”

లోపలికి పోయి ఆముదం గిన్నె తెచ్చింది. నా చేయి తన ఒడిలో పెట్టుకుని, మా పిల్ల మాడుకు పెట్టినంత మెల్లగా ఆ మచ్చ మీద రాసింది. నేను రాయించుకున్నాను. చేయి వెనక్కి తీసుకోలేదు. అప్పుడైనా చెప్పలేకపోయావా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అంత దగ్గర కూర్చున్న మనిషికి, నీ చేయి పట్టుకుని నీకు నొప్పి అని తను ముఖం ముడుచుకుంటున్న మనిషికి, ఒక్క ముక్క నిజం చెప్పడానికి ఏం అడ్డం వచ్చింది?

మర్నాడు విప్పితే ఆమె చేతి మీద ఏమీ లేదు. దోషం లేదని కాగితం మీద రాసుకుని నంద్యాల బస్సెక్కాను.

ఇంతటితో ఆగి ఉంటే దీన్ని పొరపాటు అని చెప్పుకుని బతికేవాణ్ణేమో. ఆగలేదు. ఆళ్లగడ్డలో అంగడి తెరిచాం. పిల్ల నన్ను చూసి దాక్కోవడం మానేసింది. రెండు నెలలు గడిచాయో లేదో నేతగాళ్లు నూలు తిరగ్గొట్టసాగారు. కాగే రంగుకు చేతి నూనె అడ్డం వచ్చేది కాదు. ఈ మందుకు వచ్చింది. నూనె చేయి తగిలిన చోటల్లా నూలు తెల్లగా మిగిలిపోతోంది. అంగడి నిలవాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. రంగులవాళ్ల ఇంటింటికీ తిరిగి, ఇకమీదట చేతులకు ఆముదం పూయవద్దని చెప్పాను. మస్తాన్‌బీ ఒక్కతే అనుమానపడింది.

“నూనె లేకుండా చెయ్యి ఎట్ల పెట్టేది నాయనా?”

నీ చేతికే కట్టి చూశాం కదా పెద్దమ్మా, ఏమైనా అయిందా అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి తల ఊపింది. ఆ రోజు ఆమెను కాపాడింది ఆ నూనేనని ఊళ్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ నూనెను మాన్పించినవాణ్ణీ నేనే.

తర్వాత సంగతి మీరు ఊహించే ఉంటారు. మొదట దురద. తర్వాత పొక్కులు. వేళ్ల సందులు పగిలి నీరు కారడం. నలుగురైదుగురికి వచ్చింది, అందరికంటే ఎక్కువ ఆమెకే. మిగతావాళ్లు మందును అనుమానించారు. ఆమె ఒప్పుకోలేదు. మందు తప్పు కాదనీ, తన చేతికే కట్టి చూశారనీ, తన ఒంట్లోనే ఏదో చెడు ఉందనీ వాళ్లతో వాదించింది. నా అబద్ధానికి ఆమే సాక్షి అయింది. హకీముకు చూపించుకుంది. దర్గాకు మొక్కుకుంది. నేను అంగట్లో కూర్చుని అదే మందు తూచి ఇస్తూ వచ్చాను.

ఆ మరుసటి ఏడు మాకు కొడుకు పుట్టాడు. కాన్పుకని ఉయ్యాలవాడ నుంచి మా అత్తగారు వచ్చి ఉంది. పిలవకుండానే, అలవాటుగా, మస్తాన్‌బీ వచ్చింది. చేతులు కొంగు కింద పెట్టుకుని ఉంది. మా అత్తగారు చూపించమంది. చూసి, ఆ చేతులు పసిబిడ్డ మీద పడనివ్వనంది. ఆమెను ఏమనగలను? బిడ్డ కోసం ఏ పెద్దదైనా అదే అంటుంది. మస్తాన్‌బీ నా వైపు చూసింది. అది అంటురోగం కాదనీ, నేను అమ్మిన మందు వల్ల వచ్చిందనీ తెలిసినవాణ్ణి అక్కడే, రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నేను చెప్పులు వెతుక్కున్నట్టు కిందికి చూశాను. ఆమె తెచ్చుకున్న ఆముదం గిన్నె గడప మీద పెట్టి, పిల్లోని మాడుకు పెట్టండి అని చెప్పి వెళ్లిపోయింది.

మా ఇంట్లో వద్దన్నాక వీధిలో ఎవరూ పిలవలేదు. ఏ ఇంట్లోనైనా బిడ్డ ఏడుస్తుంటే ఆమె తన అరుగు మీద నుంచి లేచి నిలబడి వినేదని మా ఆవిడ జాలిగా చెప్పింది. జాలిపడగల అదృష్టం మా ఆవిడది. నాకు అది కూడా లేదు.

సరుకు రావడం లేదని అబద్ధమాడి ఆ మందు ఆపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలినవి నా చేతులు కావు. మిగతావాళ్లకు మెల్లగా నయమైంది. ఆమె వేళ్లు వంకర్లు తిరిగి అట్లాగే ఉండిపోయాయి. అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా మంట అని చెంచాతో తినేది. నన్ను చూస్తే మాత్రం, పిల్లలు బాగుండారా అని అడిగేది. ఒక్కసారైనా తిట్టి ఉంటే నాకు ఎంత మేలు చేసి ఉండేది!

పంతొమ్మిది వందల అరవైలో ఆమె పోయింది. వీధి మగవాళ్లతో పాటు నేనూ భుజం పట్టాను. నన్ను సొంత కొడుకులా చూసుకునేదని ఎవరో వెనక నుంచి అన్నారు. నేను అడుగు తడబడకుండా నడిచాను. అంత గట్టివాణ్ణి నేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఉన్న ఒక్క మనిషీ మట్టిలో ఉంది. మరి ఎందుకు రాశాను? ఆమె తన ఒంట్లోనే చెడు ఉందనుకుని పోయింది. అది నిజం కాదని ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. ఇది రాస్తూ చొక్కా చేయి మోచేతి దాకా మడుచుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత అక్కడ గాలి తగులుతోంది. హాయిగానే ఉంది, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

పెద్దమ్మా, ఆ రోజు నా చెయ్యి పొయ్యికాడ కాలలేదు.