వంగని నెలన్నర

ఆ రోజుల్లో నా ఒంటి సంగతి నాకంటే నా ఫోనుకే బాగా తెలుసని నమ్మేదాన్ని. మడివాళలో పీజీ హాస్టల్లో గది, బెళ్ళందూరులో కొత్త ఉద్యోగం. ఒకరోజు నీళ్ళ క్యాను ఎత్తబోతే నడుము పట్టేసింది. డాక్టరు చూసి, "కండరం పట్టిందంతే, మామూలుగా తిరుగు తల్లీ" అన్నాడు. గదికొచ్చి ఫోన్‌ని అడిగితే డిస్కులు, నరాలు, ఆపరేషన్లు అంటూ చెప్పుకొచ్చింది. (డాక్టరు మాట్లాడింది రెండు నిమిషాలు, ఫోను రెండు గంటలు. ఎవరిని నమ్ముతాం?) ఇక వంగితే ఒట్టు. పెన్ను పడితే కాలివేళ్ళతో తీసేదాన్ని. తుమ్మొస్తే గోడ పట్టుకునేదాన్ని. ఆఫీసులో నాకు 'స్కేలు' అని పేరొచ్చింది. నా చెప్పుల పట్టీలు పెట్టడం, బకెట్టు మోయడం అన్నీ నాతో గది పంచుకునే ముళబాగిలు ఊరి అక్కే చేసేది. ఆమె ఒక బట్టల షోరూములో పనిచేసేది. నొప్పి తగ్గక వెళ్తే, ఫిజియోథెరపీ మేడం "కాస్త వంగమ్మా" అంటే "రేపు" అనేదాన్ని. విచిత్రమేమంటే, నా జాగ్రత్త పెరిగేకొద్దీ నొప్పీ పెరిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అక్క తన ఫోను నా ముందు పెట్టింది. వీడియోలో నేను మోకాళ్ళు గడ్డానికి ఆనించి, రొయ్యలా ముడుచుకుని గురక పెడుతున్నాను.

"నీ నడుము బాగానే ఉండాదప్పా. నువ్వు నిద్రపోతే హాయిగా వంగతాది. నువ్వు లేస్తేనే దానికి కష్టం."

"నిద్రలో తెలియక..." అని గొణిగాను.

అక్క ఫోను వెనక్కి తీసుకుని, "మైసూరు షాపుకు మేనేజరుగా రమ్మని మూడు వారాలుగా అడుగుతా ఉండారు. నేను పోతే నీకు చెప్పులెవరు తొడుగుతారని జవాబే చెప్పలా" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే మేడం దగ్గరికి వెళ్ళి, వంగుతానన్నాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు మోకాళ్ళ దాకా చాలు. నొప్పి వస్తే ఏదో విరిగిందని కాదమ్మా, అలవాటు తప్పిందని" అంది. కళ్ళు గట్టిగా మూసుకుని వంగాను. నొప్పి పుట్టింది, కానీ ఏదీ విరగలేదు. ఆ వారం మోకాళ్ళు, పై వారం పిక్కలు, మూడో వారానికి నా చెప్పులు నేనే తొడుక్కున్నాను. అక్క మైసూరుకు వెళ్ళిన రోజు ఆమె పెట్టె నేనే మెట్లు దింపుతుంటే, వెనకాల "మెల్లిగా అప్పా, నడుము" అంటూ ఆమే వణికిపోయింది.

ఇప్పుడు కంప్యూటరు ముందు గూనిగా కూర్చుని, అప్పుడప్పుడు ఆనాటి ఫొటోలు చూసుకుంటాను. ఎంత పిచ్చిదైతేనేం, ఆ పిల్లంత నిటారుగా నేను మళ్ళీ ఎన్నడూ నిలబడలేదు.